తొట్టిలోంచి మాట్లాడే మనిషి

“టీలో పంచదార సరిపోయిందేటి, బావా?”

“ఎక్కువైపోనాది.”

“ఎక్కువైతే వగ్గీ.”

“తాగీసినానుగా.”

మా ఇద్దరి మధ్య జరిగిన ఆఖరి మాటలు ఇవే. ఇలాగే రాయి అమ్మాయ్, మార్చకు. తర్వాత నేను తడిబట్టలు ఆరెయ్యడానికి వెనక్కి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి తను కుర్చీలోనే ఉన్నాడు. గ్లాసు ఒళ్ళో ఉంది. ఒక్క చుక్క ఒలకలేదు. ఒలకడానికి అందులో ఏమీ మిగల్లేదు మరి. ఎక్కువైందని అంటూనే అడుగుదాకా తాగిన మనిషి. చావుకి వచ్చినవాళ్ళంతా, “ఆఖరికి ఏమన్నాడమ్మా?” అని అడిగారు. ఏదో పెద్ద మాట వస్తుందని వాళ్ళ ఆశ. పంచదార ఎక్కువైందన్నాడని చెబితే ముఖాలు అదోలా పెట్టారు. నాకైతే ఆ మాట చాలు. మామూలు రోజున పొద్దుట్నుంచి సాయంత్రందాకా మా బావ నోటినుంచి వచ్చే మాటలన్నీ కలిపినా అంత ఉండేవి కావు.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, నిన్న ఈ మలై దేశంలో మా ఊరు క్లాంగ్‌లో మళ్ళీ నీళ్ళు ఆపేశారు. ఇక్కడ ఉన్నవాళ్ళకి అది కొత్త కాదు. ముందుగా చెబుతారు, మనం డ్రమ్ములు నింపుకుంటాం, వాళ్ళు చెప్పిన దానికంటే ఇంకాస్త ఆలస్యంగా వదులుతారు. ఖాళీ అయిన నీలం డ్రమ్ములోకి తల పెట్టి అడుగు తుడుస్తున్నాను. తుడుస్తూ తుడుస్తూ, నాకు తెలియకుండానే, “ఉన్నాను, ఉన్నాను” అంటున్నానట. నీళ్ళ సీసాలు పట్టుకుని అప్పుడే వచ్చిన మా చెల్లెలి కూతురు గుమ్మంలో నిలబడి విన్నది. ఇప్పుడు ఇది రాస్తున్నదీ ఆ పిల్లే.

“డ్రమ్ములో ఎవరున్నారు పెద్దమ్మా?” అంది.

“మీ పెద్దనాన్న” అన్నాను.

నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, “పెద్దనాన్న గురించి సెప్పు, నేను రాస్తాను” అంది. చెబుతున్నాను.

మా బావ అంటే నా మొగుడే. మా మేనత్త కొడుకు. పెళ్ళికి ముందు బావా అని పిలిచాను, పెళ్ళయ్యాకా అలాగే పిలిచాను. బాగన్ దాతుక్ దగ్గర కొబ్బరి తోటలో పుట్టి పెరిగాం ఇద్దరమూ. నేలలో పాతిన ఇనప మొన మీద కొబ్బరికాయలు ఒలవడం తన పని. అక్కడ సముద్రం పక్కనే. ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే. కూలీల లైను ఇళ్ళ రేకుల మీద పడిన వానే మాకు తాగే నీళ్ళు. ఆ వాన గొట్టంలోంచి వచ్చి, లైను చివర నేలలోకి దించి కట్టిన సిమెంటు తొట్టిలో పడేది. తొట్టికి పైన కప్పు, కప్పులో ఒక్క మనిషి దూరేంత నోరు, ఆ నోటికి ఇనప మూత. వానలు మొదలయ్యే ముందు ఎవరో ఒకరు లోపలికి దిగి నాచు గీకి, అడుగున పేరుకున్న బురద తోడి, సున్నం కొట్టి రావాలి. లైనులో మగవాళ్ళందరికీ భుజాలు పెద్దవి. మా బావ ఒక్కడే ఆ నోట్లో పట్టేవాడు. అందుకని ప్రతి లైనువాళ్ళూ తననే పిలిచేవాళ్ళు.

దిగడానికి ఒక పద్ధతి ఉంది. ముందు దీపం తాడుకి కట్టి దించాలి. దీపం ఆరిపోతే ఆ రోజు ఎవరూ దిగకూడదు. దీపం నిలబడితే నడుముకి తాడు కట్టుకుని మనిషి దిగుతాడు. తాడు రెండో కొస పైన ఉన్నవాళ్ళ చేతిలో ఉంటుంది. లోపల ఉన్నవాడు మాట్లాడుతూనే ఉండాలి. ఏదైనా సరే, తిట్టినా సరే, మాట ఆగకూడదు. పైన ఉన్నవాళ్ళు వింటూ, మధ్యమధ్య, “ఉన్నావా?” అని అడగాలి. జవాబు రాకపోతే లాగెయ్యాలి. మూసి ఉంచిన తొట్టిలో గాలి చెడిపోతుంది. చెడిన గాలికి వాసన ఉండదు, నొప్పి ఉండదు, మనిషి మాట్లాడడం మానేస్తాడు, అంతే. నేను పుట్టకముందు పక్క తోటలో ఒకతను దిగి మాట ఆపేశాడు. తమ్ముడు కంగారుపడి, తాడు లాగడం మాని, తనూ దూకాడు. ఇద్దరినీ కలిపి పైకి తీశారు. అప్పట్నుంచి మా తోటలో కట్టుబాటు ఒకటే: ఇద్దరు ఒకేసారి దిగకూడదు. పైన ఒకరు ఉండి తీరాలి.

నా పెళ్ళయ్యేదాకా ఆ తాడు మా అత్త పట్టుకునేది. కాపురానికి వచ్చిన కొత్తలో ఒక ఉదయం నన్ను తొట్టి దగ్గరికి తీసుకెళ్ళింది. తాడు కొస నా మణికట్టుకి చుట్టి, “ఇంక నువ్వు సూసుకో. ఆడు మాటాడకపోతే లాగీ. ఆడు వద్దన్నా లాగీ” అంది. వేరే అత్తలు తాళాలగుత్తి ఇస్తారు. మా అత్త నాకు కొడుకుని తాడుకి కట్టి ఇచ్చింది.

ఇక్కడ మా బావ సంగతి ఒకటి చెప్పాలి. బయట తను నోరు విప్పేవాడు కాదు. ఏదడిగినా, “సూద్దాం.” కొడుకుని ఏ బడిలో వేద్దాం అంటే, సూద్దాం. ఇల్లు కారుతోంది అంటే, సూద్దాం. కూరలో ఉప్పు చాలిందా అంటే కూడా, సూద్దాం. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే భుజం మీద తువ్వాలు తీసి మడత పెట్టేవాడు, విప్పేవాడు, మళ్ళీ మడత పెట్టేవాడు. అవతలివాళ్ళు విసిగి వెళ్ళిపోయేవాళ్ళు. అలాంటి మనిషి తొట్టిలోకి దిగగానే వేరే మనిషి. పద్ధతి కోసం మొదలుపెట్టిన మాట, తర్వాత ఇక ఆగేది కాదు.

“ఉన్నావా?” అనేదాన్ని మూతి దగ్గర బోర్లా పడుకుని.

“ఉన్నానే. ఇక్కడ గోడంతా నాచు పట్టీసినాది. నిన్న కంగాణీ మేస్త్రీ నన్ను సోంబేరి అన్నాడు, తెలుసా?”

“నువ్వేటన్నావు?”

“ఏటీ అన్నేదు. ఇప్పుడంతన్నాను, ఇను. ఆడే సోంబేరి. ఆడి బాబు సోంబేరి. ఆడి సైకిలు కూడా సోంబేరే!”

నేను పైన నవ్వుతుంటే కడుపు కింద సిమెంటు అదిరేది. లైనులో ఆడవాళ్ళు దూరంనుంచి చూసి, తొట్టి మీద పడి ఏడుస్తున్నానని పరిగెత్తుకొచ్చిన రోజులు కూడా ఉన్నాయి. మా పిల్లాడికి ఏ పేరు పెట్టాలో తను చెప్పిందీ అక్కడినుంచే. మా మామ పోయినప్పుడు, కన్నకొడుకై ఉండి బావ ఏడవలేదని అందరూ ఆడిపోసుకున్నారు. ఆ ఏడుపు నేను తొట్టి మూతి దగ్గర విన్నాను, సున్నం బ్రష్షు గోడకి రాసుకుంటున్న చప్పుడుతో పాటు. మా పెళ్ళి సంగతి కూడా ఒకసారి అక్కడే కదిపాడు.

“నిన్ను సేసుకోమని మాయమ్మ అడిగితే, సూద్దాం అన్నాను గదా.”

“ఆ మాట నాకింకా మండతాది.”

“నేను సూసినానే. మీ ఇంటెనకాల గట్టు మీద కూకొని రోజూ సూసినాను. నువ్వు కోళ్ళని తిట్టడం ఇన్నాను. అప్పుడు సరే అన్నాను.”

పని అయ్యాక ముందు రెండు చేతులు మూతి అంచు మీద పడేవి. తర్వాత తల. కనుబొమ్మల మీద సున్నం. తల బయటికి రాగానే మాట ఆగిపోయేది. ఎవరో మీట నొక్కినట్టు. ఆకాశంవైపు చూసి ఒకసారి తుమ్మి, తువ్వాలు వెతుక్కునేవాడు. “ఇందాక ఏదో సెప్తన్నావు గదా, తర్వాతేటయింది?” అని అడిగితే, “సూద్దాం.” నాకు ఒళ్ళు మండేది. అందుకే తనతో గట్టిగా మాట్లాడాల్సిన పని పడినప్పుడల్లా తొట్టిలో ఏదో వాసన వస్తోందనేదాన్ని. తను నా ముఖం ఒక్కసారి చూసి, మారుమాట లేకుండా తాడు తెచ్చేవాడు. మా లైను తొట్టి అంత శుభ్రంగా ఉండేది ఎందుకో ఇప్పటికైనా తెలిసిందా?

దిగిన ప్రతిసారీ, పైకి వచ్చే ముందు, ఒకటే అడిగేవాడు.

“ఒక్కసారి నువ్వు దిగి సూడవే.”

“దిగి ఏటి సూడాలి? నాచా?”

“దిగితే తెలుస్తాది.”

“సెప్పొచ్చు గదా.”

“సెప్తే నమ్మవు.”

“మరి పైన ఎవరుంటారు? తాడెవరు పడతారు?”

అక్కడితో ఆగిపోయేది. నేను దిగితే లోపల దారి చూపించడానికి తనూ ఉండాలి. ఇద్దరూ దిగితే పైన ఎవరూ ఉండరు. ఇంకొకరి చేతిలో తాడు పెట్టడానికి నాకు ధైర్యం లేదు. తనకి నమ్మకం లేదు. నాకు బయట పని ఉందనో, పొయ్యి మీద అన్నం ఉందనో ఆ మాట దాటేసేదాన్ని. అలా ఏళ్ళు గడిచాయి.

తర్వాత తోటలోకి కుళాయి వచ్చింది. తొట్లు అక్కర్లేదన్నారు. దోమలు పెడుతున్నాయని వాటి కప్పులు పగలగొట్టి మట్టితో నింపారు. మా లైను తొట్టి నింపిన రోజున మా బావ పనికి పోలేదు. లారీ మట్టి కుమ్మరిస్తుంటే తువ్వాలు మడత పెట్టుకుంటూ నిలబడ్డాడు. అంతా అయ్యాక నావైపు తిరిగి, “నువ్వు దిగనేదు” అన్నాడు. కోపం లేదు. కానీ నేలమీద నిలబడి అంత సొంత మాట తను నాతో అనడం అదే మొదటిసారి. నాకు గుచ్చుకుంది. లోపల ఏముందో నాకు చూపించాలని అంతగా ఉందని అప్పటిదాకా నాకు తెలియదు.

క్లాంగ్ వచ్చాక కొడుకు ఇంట్లో మాకు మిగిలింది స్నానాల గది. మా బావ లోపల గడియ పెట్టుకుని, కుళాయి కింద బకెట్టు పెట్టి, మాట్లాడడం మొదలుపెట్టేవాడు. నేను బయట గోడకి ఆనుకుని ఉల్లిపాయలు ఒలుచుకుంటూ ఊకొట్టేదాన్ని. కొత్తలో మా కోడలు చూసి, మామగారు ఫోను తీసుకుని లోపలికి వెళ్తున్నాడనుకుంది. “పెద్దాయన ఎవరితో మాటాడతన్నారు అత్తా?” అని గుసగుసగా అడిగింది. “నాతోనే లా” అన్నాను, ఇక్కడివాళ్ళ పలుకు అంటుకుని. పాపం, ఆ పిల్ల ఆ రోజంతా నన్ను వింతగా చూసింది.

మలక్కా సంగతి ఈ రాస్తున్న పిల్లే తెచ్చింది. ఆఫీసువాళ్ళతో ఆ ఊరు చూసి వచ్చి, మా ఇంట్లో అన్నం తింటూ చెప్పింది. అక్కడ పాత కోట పక్కన కొండ కింద పూర్వం ఎవరో కట్టిన నీళ్ళ తొట్టి ఉందట. నేలలో ఇల్లంత పెద్దదట. ఇన్నాళ్ళూ మట్టి కప్పేసి ఉంటే, తవ్వి, మెట్లు బాగుచేసి, దీపాలు పెట్టి, జనానికి చూపిస్తున్నారట. లోపల ఇంకా నీళ్ళు ఉన్నాయట.

మా బావ కలిపిన ముద్ద కంచంలో పెట్టేశాడు.

“ఎప్పుడెల్దాం?” అన్నాడు.

నేను, నా కొడుకు, కోడలు, ముగ్గురం తలలెత్తి చూశాం. ఎప్పుడు అనే మాట ఆ నోట మేమెవరం విని ఎరగం.

ఆదివారం పొద్దున్నే ఈ పిల్ల కారు తెచ్చింది. మా బావ తెల్లచొక్కా వేసుకుని, ఒక ప్లాస్టిక్ సంచీ ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. దారిలో టీకి ఆగినప్పుడు కూడా సంచీ వదల్లేదు.

“అందులో ఏటుంది పెద్దనాన్నా?”

“తాడు.”

“తాడా! అక్కడ మెట్లున్నాయి లా!”

“ఉండనీ.”

“లైట్లున్నాయి. పట్టుకోడానికి కమ్మీ ఉంది.”

“ఉండనీయవే గుంటా. నువ్వు బండి సూసుకో.”

సంచీలో తాడు ఒక్కటే కాదు, దీపం కూడా ఉంది. అది తొట్టి వాకిట్లో బయటపడింది. టిక్కెట్టు చూసే చోట తలకి గుడ్డ చుట్టుకున్న మలై అమ్మాయి ఒకతె స్టూలు మీద కూర్చుని ఉంది. సంచీ తెరవమంది. తాడు చూసింది, దీపం చూసింది, అగ్గిపెట్టె చూసింది. మా ముగ్గురి ముఖాలూ ఒక్కొక్కటిగా చూసింది. ముసలాయన తాడు పట్టుకుని నేలమాళిగలోకి దిగుతానంటే ఎవరికైనా గుండె ఆగదూ!

“ఇవెందుకు పాక్ చిక్?” అని మలైలో అడిగింది. పెద్దవాళ్ళని వాళ్ళు అలాగే పిలుస్తారు, ఆడవాళ్ళనైతే మక్ చిక్ అని.

మా బావ తనకొచ్చిన మలైలో, “గాలి చూడటానికి దీపం. నన్ను లాగటానికి తాడు” అన్నాడు.

ఆ అమ్మాయి ఇంకా భయపడింది. అప్పుడు ఈ పిల్ల అడ్డం వచ్చి, తోట సంగతీ వాన నీళ్ళ తొట్టి సంగతీ గబగబా చెప్పింది. ఆ అమ్మాయి నవ్వలేదు. నిప్పు మాత్రం లోపలికి వద్దని దీపం, అగ్గిపెట్టె తన బల్ల కింద పెట్టుకుంది. లోపల గాలికి పెద్ద ఫ్యాను తిరుగుతోందని చూపించింది. తాడు సంగతి కాసేపు ఆలోచించి, “కమ్మీకి, స్తంభాలకి కట్టకండి. చేత్తో పట్టుకుంటే పట్టుకోండి” అంది.

మా బావ తాడు నడుముకి కట్టుకుని, రెండో కొస నా చేతికిచ్చి, మెట్లు దిగాడు. నేను పైమెట్టు మీదే నిలబడ్డాను. పక్కనుంచి చీనా కుటుంబం ఒకటి దిగుతూ మమ్మల్ని ఫోటో తీసుకుంది. తియ్యనీ. తల కిందికి పోగానే, నేను అడగాల్సిన మాట తనే అడిగాడు.

“ఉన్నావా?”

“ఉన్నాను. ఏటున్నాది?”

“స్తంభాలు. మన తొట్టికి అక్కలాగున్నాది. నీళ్ళు నల్లగున్నాయి, బాగున్నాయి. ఇక్కడ గోడలోంచి ఎవుడో ఇంగ్లీసులో మాటాడతన్నాడే. నాకంటే ఎక్కువ మాటాడతన్నాడు.”

“అది రికార్డు పెద్దనాన్నా!” అని ఈ పిల్ల నా వెనకనుంచి అరిచింది.

కాసేపు అలా తిరిగి, స్తంభాల గురించి, అడుగున మెరుస్తున్న చిల్లర గురించి, అక్కడ సున్నం సరిగా కొట్టలేదన్న సంగతి గురించి చెప్పి, చివరికి అన్నాడు.

“ఇంక నువ్వు దిగు.”

నా కాళ్ళు కదల్లేదు. నవ్వకు, ఇది రాయి. మెట్లున్నాయి, దీపాలున్నాయి, పిల్లలు గెంతుకుంటూ దిగుతున్నారు. అదంతా కళ్ళకి కనపడుతూనే ఉంది. అయినా చేతిలో తాడు ఉంది. ఆ కొస వదిలేసి మొగుడు ఉన్న గోతిలోకి నడవమంటే కాళ్ళు వినడం లేదు.

“పైన ఎవరుంటారు?” అన్నాను.

“నేనుంటాను పెద్దమ్మా” అంది ఈ పిల్ల.

కిందనుంచి జవాబు వచ్చింది. “అదొద్దు. అది ఫోను సూస్తాది!”

“పెద్దనాన్నా!”

“సూస్తావా, సూడవా?”

ఈ పిల్ల చెయ్యి వెనక్కి దాచుకుంది. అప్పటికే చేతిలో ఫోను ఉంది మరి.

మా బావ మెట్లెక్కి పైకి వచ్చాడు. మోకాళ్ళ నొప్పి, మధ్యలో రెండుచోట్ల ఆగాడు. నా ఎదురుగా నిలబడి ఏమీ అనలేదు. పైన ఉన్నాడు కదా, మాట రాదు. తువ్వాలు మాత్రం మడత పెట్టాడు, విప్పాడు. మట్టి లారీ రోజున చూసిన ముఖం అది. ఈ మోకాళ్ళతో తను మళ్ళీ ఇక్కడికి రాలేడని నాకు తెలుసు, తనకీ తెలుసు. ఇప్పుడు దిగకపోతే ఇక లేదు. తెలిసీ నేను కదల్లేకపోయాను.

ఆ మలై అమ్మాయి అంతా చూస్తోంది. ఏమైందని ఈ పిల్లని అడిగింది. ఇద్దరూ దిగితే పైన తాడు పట్టేవాళ్ళు ఉండరని మా పెద్దమ్మ భయం అని ఈ పిల్ల సిగ్గుపడుతూ చెప్పింది. ఆ అమ్మాయి స్టూలు మీదనుంచి లేచింది. నా చేతిలోంచి తాడు కొస తీసుకుని మణికట్టుకి చుట్టుకుంది. ఒకసారి కాదు, రెండుసార్లు మెలేసి, చివర గుప్పిట్లో పట్టుకుంది.

“మా అవ్వ ఊళ్ళో నుయ్యి కడిగేటప్పుడు నేనే పట్టేదాన్ని. వెళ్ళండి లా, మక్ చిక్. నేనున్నాను” అంది.

తాడు చుట్టుకున్న తీరు చూసి మా బావ నావైపు తల ఊపాడు. తన నడుము ముడి విప్పి, ఆ కొస నా నడుముకి, చీర మీదనే కట్టాడు. కట్టి గట్టిగా ఒకసారి గుంజి చూశాడు. అంతమంది ముందు నాకు ముఖం ఎర్రబడింది. పెళ్ళినాడు కూడా ఇంత దగ్గరగా అందరి ముందూ నిలబడలేదు.

దిగాను.

ముందు చల్లదనం తగిలింది. తర్వాత వాసన. తడిసిన రాయి, పాత వాన, నాచు. తను తొట్టిలోంచి పైకి వచ్చినప్పుడు ఒంటిమీద ఉండే వాసన అదే. ఎదురుగా ఎర్రరాతి స్తంభాలు చీకట్లోకి వరసగా పోతున్నాయి. కింద నీళ్ళు కదలకుండా ఉన్నాయి. స్తంభాలు నీళ్ళలో తలకిందులుగా ఇంకో అంత లోతుకి దిగుతున్నాయి. చూస్తూ నిలబడ్డాను.

“మాటాడు!” అన్నాడు మా బావ పక్కనుంచి. “నువ్వు మాటాడకపోతే పైన ఆ పిల్లకి బయం!”

ఏం మాట్లాడాలి? ఒక్క ముక్క తోచదు. పైన కోళ్ళతో కూడా మాట్లాడే మనిషిని, అక్కడ నాకు మాట రాలేదు. లోపల ఉన్నవాడు మాటలు ఎక్కడినుంచి తవ్వుకునేవాడో, కంగాణీ సైకిలుదాకా ఎందుకు పోయేవాడో అప్పుడు అర్థమైంది. నోట్లో మాట ఉన్నంతసేపే మనిషి పైవాళ్ళ మనిషి. అందుకే దొరికినదల్లా చెప్పేవాడు.

ఇంతలో పైనుంచి ఆ అమ్మాయి, “అడా, మక్ చిక్?” అని కేకేసింది. ఉన్నారా అని.

“అడా!” అని అరిచాను. ఉన్నానని.

నా గొంతు ఎలాంటిదో నాకు తెలుసు. తోటలో నాకు ఫ్యాక్టరీ కూత అని పేరు. భజనలో వెనక వరసలో కూర్చోబెట్టి, పెదవులు కదిపితే చాలమ్మా అనేవాళ్ళు. నా కొడుకుని జోకొట్టబోతే మా అత్తే వచ్చి ఎత్తుకుపోయేది, నువ్వు పాడితే ఉన్న నిద్ర పోతుందని. ఆ గొంతుతోనే అరిచాను. అది స్తంభాల మధ్యకి పోయింది. పోయి, ఎక్కడో గోడకి తగిలి, వెనక్కి వచ్చింది. వచ్చింది నా అరుపు కాదు. అంచులన్నీ అరిగిపోయి, గుండ్రంగా, నిండుగా, నీళ్ళమీద నడిచి వచ్చింది. ఎవరో పెద్దింటి ఆడమనిషి, తొందరలేని మనిషి, “ఉన్నాను” అని చెప్పినట్టు ఉంది. నేను వెనక్కి తిరిగి చూశాను, ఎవరా అని.

మా బావ నవ్వుతున్నాడు.

“నువ్వే” అన్నాడు. “ఇదే సూడమన్నాను.”

“ఇది నాదేటి?”

“మరెవరిది? పైన నువ్వరుస్తావు. లోపలికొచ్చీసరికి ఇలాగుంటాది. సెప్తే నమ్మవు. అందుకే సెప్పనేదు.”

ఇంకోసారి పిలిచాను. “బావా!” అన్నాను. అది కూడా తిరిగి వచ్చింది. తర్వాత సిగ్గు పోయింది. కొడుకు పేరు పిలిచాను. కోళ్ళని పిలిచే పిలుపు పిలిచాను. చేపలమ్ముకునేవాడు లైనులోకి వచ్చినప్పుడు వేసే కేక వేశాను. చీనా పిల్లలు చప్పట్లు కొట్టారు. గోడలోని ఇంగ్లీసువాడు కూడా ఆగిపోయాడు. మా బావ తడి మెట్టు మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. జీవితంలో మొదటిసారి తను వినేవాడు, నేను చెప్పేదాన్ని. తొట్టిలో ఉండి కూడా తను మాట్లాడలేదు. అవసరం లేదనుకున్నాడేమో. పైనుంచి ఆ అమ్మాయి మాత్రం మానకుండా అడా, అడా అంటూనే ఉంది. మా అత్త ఉంటే మెచ్చుకునేది.

చాలాసేపటికి ఈ పిల్ల గొంతు వినపడింది. “మీరిద్దరూ అక్కడే కాపురం పెట్టీసినారేటి లా? నాకాకలి!”

పైకి వచ్చాక ఆ మలై అమ్మాయి తాడు చుట్టలు విప్పుకుంది. మణికట్టు మీద ఎర్రగా గుర్తులు పడ్డాయి. అంత గట్టిగా పట్టుకుంది, నిజంగానే మేము మునిగిపోతామన్నట్టు. నేను ఆ చెయ్యి పట్టుకుని రుద్దాను. ఇంట్లో చేసి తెచ్చుకున్న అరిసెలు పెట్టాను. దీపం, అగ్గిపెట్టె లెక్కగా తిరిగి ఇచ్చింది.

“నా గొంతు బాగున్నాదేటి?” అని ఈ పిల్లని అడిగాను.

“పైకి ఎప్పట్లాగే ఉంది పెద్దమ్మా. సెవి పగిలిపోనాది” అంది.

అలాగే రాయి. అదీ నిజమే.

తిరిగి వచ్చేటప్పుడు మా బావ కారు కిటికీలోంచి చెట్లు చూస్తూ కూర్చున్నాడు. బాగుందా అని అడిగితే, “ఊ” అన్నాడు. అంతే. మళ్ళీ మామూలు మనిషి. నేనైతే ఇల్లు చేరేదాకా మాట్లాడుతూనే ఉన్నాను. నా గొంతు గురించి నేను ఎప్పుడూ బెంగపెట్టుకోలేదనుకునేదాన్ని, కానీ ఏదో ఉండేదన్నమాట, లేకపోతే అంత తేలిక ఎందుకవుతుంది? మర్నాడు గుళ్ళో భజనకి వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాను. పక్కావిడ జరిగింది. జరగనీ, చోటు ఎక్కువైంది.

ఆ తర్వాత ఎక్కువ కాలం లేదు తను. మోకాళ్ళు మరీ మొండికేశాయి. స్నానాల గదిలో మాటలూ తగ్గాయి. అడిగితే చెప్పేవాడు, అడక్కపోతే నీళ్ళు పోసుకుని వచ్చేవాడు. చూపించాల్సింది చూపించేశాడు కదా, ఇంకా చెప్పడానికేముంది అన్నట్టు ఉండేవాడు. నాకు లోటు అనిపించలేదు. ఊరందరూ కాకి గొంతు అనుకున్నదాన్ని ఒక మనిషి చీకట్లో కూర్చుని ఇన్నేళ్ళూ అలా విన్నాడని తెలిశాక, ఆ మనిషి మాట్లాడితే ఎంత, మాట్లాడకపోతే ఎంత? వాళ్ళూ వీళ్ళూ వచ్చి, ఒక్కదానివే అయిపోయావమ్మా అంటారు. కావచ్చు. ఏడుపు వచ్చినప్పుడు ఏడుస్తాను. మిగతా వేళ నాకు బాగానే ఉంటుంది.

చాల్లే అమ్మాయ్. వేళ్ళు నొప్పెట్టి ఉంటాయి, కలం కింద పెట్టు. నేను పోయి అన్నం దించాలి, మాడిపోతుంది. నువ్వు మొదటినుంచి చదువు, నేను వంటింట్లోంచి వింటాను. తొందరపడకు. గోడ అడ్డంగా ఉంది, కాస్త గట్టిగా చదువు. ఊ, కానియ్.